కీలు దగ్గర మొదలుపెట్టాలి

పెద్దవాళ్ల ఒంట్లోని 206 ఎముకల పేర్లు బట్టీ పట్టినంత మాత్రాన అస్థిపంజరం అర్థమైనట్టు కాదు. చదువు కీలు దగ్గర మొదలవ్వాలని నా గట్టి నమ్మకం. మోచేతిని బల్లకు ఆనించి అరచేతిని బోర్లా తిప్పి చూడండి: ముంజేతిలో బొటనవేలి వైపున్న రేడియస్ ఎముక, పెద్దగా కదలని అల్నా మీదుగా అడ్డంగా దాటుతుంది. రేడియస్ తల గుండ్రంగా ఎందుకుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. భుజం గుంట లోతు తక్కువ. అందుకే చెయ్యి అంత స్వేచ్ఛగా తిరుగుతుంది, తేలిగ్గా జారుతుంది కూడా. తుంటి గుంట లోతైనది, ఒంటి బరువు మోయాలి కదా.

పేర్లు రాకుండా వైద్యం ఎలా అంటారు. నిజమే, మణికట్టులోని 8 చిన్న ఎముకల్లో ఏది విరిగిందో పేరుపెట్టి చెప్పాల్సిందే. కానీ వాటిలో ఒకటైన స్కాఫాయిడ్ నడుమ విరిగితే ఎందుకంత నెమ్మదిగా అతుక్కుంటుందో పేరు చెప్పదు. దానికి రక్తం ఎక్కువగా వేళ్ల వైపు నుంచి వెనక్కి వస్తుందని తెలిసినవాళ్లకే అర్థమవుతుంది.