ఖంబాత్ అఖీఖు రాయి

మా తమ్ముని కుమారుని నికాహ్ నిశ్చయమైన నాడు, వరునికి తులం బంగారంతో ఉంగరం చేయిస్తామని వధువు తండ్రి ప్రకటించారు. పురుషునికి బంగారం నిషిద్ధమని ఎరుగనివారు కారు. "లోకమంతా పెడుతున్నది కదా హజ్రత్! మేము పెట్టకపోతే నలుగురూ ఏమంటారు?" అన్నారు. అబ్బాయి మాత్రం పట్టు వీడలేదు. "బడే అబ్బా! నాకు వెండి ఉంగరం చాలు. మీరు గుజరాత్ వెళ్తున్నారు కదా, ఒక అఖీఖు రాయి తెండి" అని మమ్మల్ని కోరాడు.

నికాహ్ చెల్లడానికి ఉంగరం అవసరమే లేదు. ధరించదలచిన పురుషునికి వెండి అనుమతి ఉంది. దాని బరువు ఒక మిస్ఖాల్‌కు, అనగా సుమారు 4.37 గ్రాములకు లోపుగా ఉండాలని హనఫీ ఫుఖహాలు నిర్ణయించారు. దైవప్రవక్త (స) ధరించిన వెండి ఉంగరపు రాయి హబషా దేశపుదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఈ హదీసులను మేము ఇరువది యేండ్లకు పైగా బోధిస్తున్నాము.

మదర్సా పనిమీద ఆనంద్ చేరిన మేము, అక్కడి నుండి రైలులో ఖంబాత్ వెళ్ళాము. ఒకప్పుడు అరబ్బు, పారసీక ఓడలతో కళకళలాడిన రేవు అది. ఇబ్నె బతూతా ఇక్కడి భవనాలను, మస్జిదులను ఎంతో మెచ్చుకున్నాడు. 1325లో నిర్మించిన జామా మస్జిద్ నేటికీ నిలిచి ఉంది. రేవు మాత్రం ఒండ్రుమట్టితో పూడిపోయింది. ఊరికి మిగిలిన పాత వృత్తి అఖీఖు పనే. ఖంబాత్‌కు అంత దూరం కాని లోథాల్‌లో హరప్పా కాలపు వారు కూడా ఈ ఎర్రరాతితో పూసలు చేశారు.

రాయి భరూచ్ జిల్లాలోని రతన్‌పూర్ గనుల నుండి వస్తుంది. ఆ గుట్టపైనే హబషీ వంశీయుడని చెప్పుకొనే బాబా ఘోర్ దర్గా ఉంది. త్రవ్వి తీసిన రాయి మసక రంగులో ఉంటుంది. దానిని ఎండబెట్టి, కుండలలో పెట్టి, పిడకల నిప్పుపై నిదానంగా కాలుస్తారు. అప్పుడు రాతిలోని ఇనుము ఎర్రబారుతుంది. రంగు పూయనక్కరలేదు. తరువాత నేలలో వాలుగా పాతిన ఇనుప మేకు మొనకు రాయిని ఆనించి, గేదె కొమ్ముతో చేసిన సుత్తితో మెల్లగా కొడతారు. పెచ్చులు ఊడి, రాయి గుండ్రనవుతుంది. ఆ చేతుల నేర్పు చూస్తూ మేము అసర్ వేళ వరకు కూర్చుండిపోయాము. అఖీఖు ధరిస్తే దారిద్ర్యం తొలగుతుందని దుకాణదారు చెప్పబోయాడు. ఆ మాటలకు ఆధారమైన రివాయతులను హదీసు పండితులు ఏనాడో త్రోసిపుచ్చారని మేము వివరించాము. ఆయన నవ్వి ధర తగ్గించాడు.

మేము ఎంచుకున్న రాయికి సానపట్టేవాని ఇల్లు చూపమన్నాము. వాకిటిలోనే మోటారు సాన. ముక్కుకు తువాలు చుట్టుకొని ఒక నడివయస్కుడు కూర్చున్నాడు. రాయి తగిలినప్పుడల్లా పొగమంచు వంటి తెల్లని దుమ్ము లేచింది. ఆ ప్రక్కనే అతని భార్య వంట చేస్తున్నది. అతడు నాలుగు మాటలు చెప్పేలోగా రెండుసార్లు ఆగి దగ్గాడు. క్షయ అని మందులు వాడాడట, తగ్గలేదట. రాతిధూళి ఊపిరితిత్తులలో పేరుకొని వాటిని గట్టిపరిచే సిలికోసిస్ ఈ ఊరి సానవారిని ఏండ్ల తరబడి పీడిస్తున్నది. దానికి నయం చేసే మందు లేదు. రాయిని నీటితో తడుపుతూ సానపట్టి, ధూళిని లాగే యంత్రం అమర్చితే ముప్పు చాలా తగ్గుతుంది. ముక్క లెక్కన కూలి పుచ్చుకొనేవాడు ఆ యంత్రం ఎక్కడి నుండి తెస్తాడు?

వెండి బరువును గ్రాములలో తూచి విద్యార్థులకు చెప్పిన మేము, రాయి ఎవరి ఊపిరితో నునుపెక్కిందో ఒక్కనాడైనా తలచలేదు. దుకాణదారు తగ్గించిన సొమ్ముకు మరికొంత చేర్చి అతని చేతిలో పెట్టాము. అతడు మొహమాటపడి, మరొక చిన్న రాయి తీసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక మా తల్లిగారి పాత వెండి పట్టీలు కరిగించి ఉంగరం చేయించాము. వెండి నాలుగు గ్రాములకు కొంచెం పైన తూగింది. వధువు తండ్రి తాము చేయించిన బంగారు ఉంగరాన్ని తమ కూతురికే ఇచ్చారు.

నికాహ్‌కు ముందటి రాత్రి అబ్బాయికి ఈ సంగతులన్నీ చెప్పాము. చాలాసేపు రాయిని వేలితో నిమురుతూ ఉండిపోయి, "ఆయన కొడుకు కూడా ఈ పనే చేస్తున్నాడా, బడే అబ్బా?" అని అడిగాడు.

మేము ఆ మాట అడిగి రాలేదు.