పిండికోడి

లేని రాజ్యమునకు దేవతలను కల్పించుట కవికి సులభము. ఉన్న యూరిలోని దేవతను కొలుచు తీరును మార్చుట గృహస్థునకు కష్టము. ఈ రెండు సంగతులును ఒక పిండికోడి మూలమున నా మనస్సులో కలిసినవి. అది యెట్లో చెప్పెదను.

మాది కోరుట్ల సమీపమున నొక పల్లె. జగిత్యాలలో ఉపాధ్యాయుడనై అక్కడనే స్థిరపడితిని. మా చెల్లెలి నిచ్చినది సిరిసిల్ల. ఆమె యింటికి పోవునప్పుడెల్ల దారిలో వేములవాడ తగులును. కోడెను పట్టుకొని రాజన్న గుడిచుట్టు తిరుగు భక్తులను చూచుచు నేను మరియొక కాలమును తలచుకొనుచుందును. వెయ్యేండ్లకు పూర్వము ఈ పట్టణము పేరు లేంబులపాటకము. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యుల రాజధాని యిది. ఆ వంశమువారి యాశ్రయమున సోమదేవసూరి యను జైనాచార్యుడుండెను. లేంబులపాటకమున తన తండ్రి కట్టించిన శుభధామ జినాలయము కొఱకు మూడవ అరికేసరి 966లో ఈ సూరికి ఒక గ్రామమును దానమిచ్చినట్లు పర్భణి తామ్రశాసనము చెప్పుచున్నది.

సోమదేవుడు 959లో ‘యశస్తిలక’మను సంస్కృత చంపువును ముగించెను. అందు మారిదత్తుడను రాజును, అతడు కొలుచు చండమారి యను దేవతయు కలరు. ప్రతి జాతి ప్రాణిని జంటగా ఆ దేవతకు బలియిచ్చినచో విద్యాధరలోకమును జయింపగల ఖడ్గము లభించునని ఒక గురువు చెప్పగా రాజు నమ్మెను. మనుష్యుల జంటగా అన్నాచెల్లెండ్రగు ఇరువురు బాలసన్న్యాసులను భటులు పట్టి తెచ్చిరి. వారు భయపడక తమ పూర్వజన్మ కథను చెప్పసాగిరి.

ఆ జన్మమున అన్న యశోధరుడను రాజు. చెల్లెలు అతని తల్లి. కీడు తొలగుటకు జంతుబలి యిమ్మని తల్లి కోరెను. కొడుకు ఒప్పలేదు. తల్లి విడువలేదు. కడకు ఇరువురకును సమ్మతముగా పిండితో కోడిని చేసి దానిని బలియిచ్చిరి. ప్రాణము పోలేదు, రక్తము కారలేదు. అయినను చంపవలెనను తలంపు ఆ చేతిలో నుండెను గనుక తల్లియు కొడుకును పెక్కు జన్మములు పశుపక్ష్యాదులై పుట్టి బాధపడిరట. ఇది విని మారిదత్తుడు బలిని మానెను.

ఈ కథ చదివిన నాటికి నాకు మా యింటి కోడి జ్ఞాపకమునకు వచ్చినది. మాకు ఏటేట పోచమ్మకు బోనము కలదు. కొత్త కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు చుట్టి, అన్నము నింపి, పైన దీపముంచి, మా యమ్మ తలపై నెత్తుకొని నడచును. ముందు డప్పు, వెనుక కోడి. మశూచికమును ‘అమ్మవారు’ అని పిలిచి వణకిన కాలమున పుట్టిన మొక్కిది. ఆ రోగము లోకమున లేకుండ పోయినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లో ప్రకటించెను. భయము పోయినను బోనము పోలేదు. బోనము నాకును ఇష్టమే. నాకు కంటగింపైనది కోడి మాత్రమే.

ఒక యేడు అమ్మతో వాదించితిని. యశోధరుని కథ చెప్పితిని, పిండికోడి సంగతి మాత్రము దాచితిని. ఏమనుకొన్నదో ఏమో, ఒప్పుకొన్నది. ఆ యేడు గుడిముందర కుంకుమ పూసిన గుమ్మడికాయను కొట్టితిమి. నేను గెలిచితినని పొంగితిని. బడిలో తోటివారికి చెప్పుకొంటిని కూడ.

సాయంకాలము మా వాకిట డప్పు కొట్టిన ముసలాయన నిలుచుండెను. చేతిలో మూతగల గిన్నె యుండెను. కోడిలో ఆయనకు వాటా కలదు. అది తాతలనాటి కట్టు. నాకు ఆ మాటయే తోచలేదు. జేబులోనుండి ఒక నోటు తీసి యిచ్చితిని. ఆయన దానిని కండ్లకద్దుకొని, ఖాళీ గిన్నెను చంకన బెట్టుకొని పోయెను.

అమ్మ గడపలో కూర్చుండి యంతయు చూచినది. “పోచమ్మ కోడిని తినదని నాకు తెల్వదా బిడ్డా? తినేటోళ్లు వేరే ఉన్నరు” అనినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోడి ప్రాణము దక్కినందుకు నేను చింతింపలేదు, నేటికిని చింతింపను. డప్పు లేనిదే మా బోనము గడప దాటదు. డప్పు కొట్టినవాడు మాత్రము మా గడప దాటి లోనికి రాడు. ఇన్నేండ్లు కోడిని చూచిన నా కన్ను ఆ గడపను చూడలేదు. యశోధరుడు చంపుటను మాని చంపు తలంపును నిలుపుకొనెను. నేను కత్తిని మాన్పించి, ఒక మనుష్యుని వాకిట నిలుపు ఆచారమును చెక్కుచెదరకుండ నిలుపుకొంటిని. పైగా ఆయన గిన్నెను ఖాళీ చేసితిని. నా సంస్కారమునకు మూల్యము చెల్లించినది నేను కాదు.

మరుసటి యేడు అన్నము రెట్టింపు వండించితిని. పప్పు, గారెలు, పరమాన్నము చేయించితిని. ముసలాయనను లోనికి పిలిచి మా పంక్తిలో విస్తరి వేయించితిని. అమ్మ చేయి ఒక్క క్షణము ఆగినది; పిదప వడ్డించినది. ఆయన గడపవఱకు వచ్చి, లోపలి విస్తరిని చూచి, తలవంచుకొని, “ఇంటికి పట్టుకపోత సారూ, మనుమలు గూడ తింటరు” అని గిన్నెను చాచెను.

అమ్మ గిన్నె నింపి యిచ్చినది. నేను బలవంతము చేయలేదు. ఒక జీవితకాలము వెలుపల నిలిపినవారు ఒక్కనాటి పిలుపుతో లోనికి రావలెననుట కూడ ఒక యధికారమే కదా! వేసిన విస్తరి అట్లే మిగిలినది. చదువరులారా, అదియు మఱియొక పిండికోడియేనా అని నన్ను నేనడుగుకొనుచున్నాను. కాదని నిరూపించుటకు నాకు తోచిన మార్గమొక్కటే. బోనము నాడే కాదు, ఏమియు లేని మామూలు నాడు ఆయన యింటికి నేను పోవలెను. పెట్టినది అక్కడ కూర్చుండి తినవలెను.