పెట్టె ఎంతుండాలి?

ఏ బండిని చూసినా నా కన్ను ముందు దాని సామాను పెట్టె మీదికే పోతుంది. ఇంజను కంపెనీ వాళ్ళు చేసింది, రంగు షోరూములో వేసింది. ఆ పెట్టె మాత్రం రోజూ బండి నడిపే మనిషిది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య చాలాకాలం పనిచేశాను. అక్కడ ఛాసిస్ పక్కన బిగించిన టూల్‌బాక్సు తలుపు తీస్తే చాలు, డ్రైవరు ఎలాంటివాడో, బాడీ కట్టిన మేస్త్రి ఎలాంటివాడో ఇద్దరి సంగతీ తెలిసిపోతుంది. జాకీ ఎక్కడ పెట్టారు, వీల్ స్పానరు చేతికి అందుతోందా, అడుగున పాత ట్యూబు రబ్బరు పరిచారా లేక ఇనుము మీద ఇనుము దడదడలాడుతోందా అని చూస్తాను. రాత్రిపూట వానలో టైరు పంక్చరైనవాడికి ఇవేవీ చిన్న విషయాలు కావు.

అందుకే మా మేనల్లుడు న్యూజిలాండ్ నుంచి ఫోను చేసి, "మామయ్యా, నా క్వాడ్ వెనక బిగించుకోడానికి మంచి పెట్టె ఒకటి గీసి పంపవూ" అని అడిగితే నాకు పండగే అయింది. వాడు వైకాటో ప్రాంతంలో ఒక పాడి ఫారంలో పనిచేస్తున్నాడు. క్వాడ్ అంటే నాలుగు లావుపాటి టైర్లు, మోటారుసైకిల్ హ్యాండిలు, కాళ్ళు చెరో పక్క వేసుకుని కూర్చునే సీటు ఉన్న ఏటీవీ. మన విశాఖ బీచ్‌లో పిల్లలు సరదాకి ఎక్కి తిరిగేదే. అక్కడ మాత్రం తెల్లవారి ఆవుల్ని పాలు తీసే షెడ్డుకు తోలడం దగ్గర్నుంచి చీకటిపడ్డాక కంచె సరిచేయడం దాకా అన్నిటికీ అదే బండి.

పుట్టుకతో ఇది బరువులు మోసే బండి కాదు. 1970లో హోండా మొదటిసారి అమెరికాలో అమ్మింది మూడు చక్రాల బండి, అదీ సరదాకే. 1982లో సుజుకి నాలుగో చక్రం చేర్చింది. రైతులు దాన్ని పొలంలోకి తెచ్చుకున్నారు, ముందూ వెనకా ర్యాకులు వచ్చాయి, ర్యాకుల మీదికి పెట్టెలు ఎక్కాయి. పెట్టె చివర్న వచ్చి చేరిన వస్తువు. ఏ పెట్టె గీసేవాడైనా ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

"ఏమేం వేస్తావురా అందులో?" అని అడిగాను.

"కరెంటు కంచె తీగ రీలు, ఇన్సులేటర్లు, కంచె మేకులు, సుత్తి, ప్లయరు, దూడలకు పట్టే మందు, నీళ్ళ తొట్టికి ఫ్లోట్ వాల్వు, రెయిన్‌కోటు, అన్నం క్యారియరు..."

"ఇంకా?"

"ఖాళీ ఉంటే ఇంకా వేస్తాం కదా మామయ్యా!"

ఆ ఆఖరి మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఖాళీ ఉంటే మనిషి నింపుతాడు. లారీలో అయితే టైర్లు కుంగుతాయి, కమానులు మూలుగుతాయి, బరువెక్కువైన సంగతి డ్రైవరుకు తెలుస్తుంది. క్వాడ్‌లో అది తెలిసేది వాలులో, అప్పటికి చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. బండి 300 కిలోలు, మనవాడు 80. ఇద్దరి బరువుకీ కలిపి గరిమనాభి నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉందనీ, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 90 సెంటీమీటర్లనీ అనుకుందాం. ఆ లెక్కన పక్కకు దాదాపు 31 డిగ్రీల వాలు దాకా బండి నిలబడుతుంది. ఇప్పుడు వెనక ఎత్తైన పెట్టె పెట్టి, 60 కిలోల సామాను 120 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా నింపితే అది 29కి పడిపోతుంది. అదే 60 కిలోలు 95 సెంటీమీటర్ల ఎత్తులో పొట్టి పెట్టెలో ఉంటే 30 దగ్గర ఆగుతుంది. మెత్తటి టైర్లు నొక్కుకుపోయి, స్ప్రింగులు ఒరిగే నిజం బండికి ఈ అంకెలన్నీ ఇంకా తగ్గుతాయి. ఒకటి రెండు డిగ్రీలే కదా అనిపించవచ్చు. గడ్డి దుబ్బు మీదికి ఒక చక్రం ఎక్కితే ఆ రెండు డిగ్రీలూ అక్కడే ఖర్చయిపోతాయి.

న్యూజిలాండ్ పొలాల్లో మనుషుల ప్రాణాలు తీసే వాటిలో క్వాడ్‌ది పైవరసే. తిరగబడ్డ బండి కింద నలిగి పోయినవాళ్ళే చాలామంది. 2019లో అక్కడి పని భద్రతా సంస్థ వర్క్‌సేఫ్, నడిపేవాడి వెనక నలుగుడు నుంచి కాపాడే కడ్డీ బిగించుకోమని గట్టిగా సిఫార్సు చేసింది. పక్కనున్న ఆస్ట్రేలియా ఇంకో అడుగు ముందుకేసింది. 2020 అక్టోబరు నుంచి ఏ వాలులో బండి రెండు చక్రాల మీదికి లేస్తుందో తెలిపే చీటీ ప్రతి కొత్త బండికీ తగిలించాలి. 2021 అక్టోబరు నుంచి కొత్త వ్యవసాయ క్వాడ్‌కు రక్షణ కడ్డీ తప్పనిసరి. కాబట్టి ముందు కడ్డీ, తర్వాతే పెట్టె. పెట్టె అడ్డమని కడ్డీ ఊడదీసేవాళ్ళు కూడా ఉన్నారని మావాడు చెప్పాడు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

కోపం తెప్పించే ఇంకో సంగతి, మెత్త వేసిన పెట్టెలు. మూత మీద దిండు, వెనక ఆనుకోడానికి పలక, పక్కన పట్టుకోడానికి పిడి పెట్టి అమ్ముతారు. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ మామూలు క్వాడ్ ఒక్క మనిషి కోసం చేసిన బండి. ఎక్కుడులో ముందుకు వంగాలి, దిగుడులో సీటు మీద వెనక్కి జరగాలి, వాలులో ఎత్తు పక్కకు ఒరగాలి. నడిపేవాడి ఒళ్ళే సగం బ్యాలెన్సు. వెనక ఇంకో మనిషి కూర్చుంటే ఇతనికి జరగడానికి చోటుండదు, పైగా ఆ మనిషి బరువు వెనక ఇరుసు దాటి పడి ముందు చక్రాలు తేలిపోతాయి. నేను గీసిన పెట్టె మూత మీద దిండు లేదు. మూతను మధ్యలో కాస్త ఉబ్బుగా గీశాను, ఎవరికీ కూర్చోబుద్ధి కాకూడదని. పెట్టె ముందుగోడ సీటు చివర నుంచి బెత్తెడు దూరం వెనక్కి ఉండాలని కూడా రాశాను.

కొలతలు 75, 40, 25 సెంటీమీటర్లు. డెబ్బయ్యైదు లీటర్లు. "ఇంత చిన్నదా?" అన్నాడు. నీళ్ళు నింపితేనే 75 కిలోలు, కంచె మేకులు నింపితే ర్యాకు మోసేదాన్ని దాటిపోతుంది. ఇలాంటి ఫారం బండికి తయారీదారులు మామూలుగా చెప్పే హద్దు ముందు ర్యాకు మీద 45 కిలోలు, వెనక 85. ఆ హద్దులో పెట్టె సొంత బరువూ కలిసే ఉంటుంది. అదే కొలత పెట్టె 16 గేజి ఇనుప రేకుతో చేస్తే 15 కిలోలు తూగుతుంది. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియంతో ఆరున్నర లోపే. నాలుగు మిల్లీమీటర్ల పాలిథిలీన్‌తో నాలుగున్నర. మన మేడల మీది సింటెక్స్ ట్యాంకుల్లాగే ఆ ప్లాస్టిక్ పెట్టెల్నీ అచ్చులో పొడి పోసి, కాలుస్తూ గిరగిర తిప్పి తీస్తారు. అతుకులుండవు, దెబ్బ తగిలితే వంగి మళ్ళీ లేస్తుంది. న్యూజిలాండ్ వేసవి ఎండలో అతినీలలోహిత కిరణాలు ఉత్తరాన అదే అక్షాంశంలో కన్నా 40 శాతం దాకా ఎక్కువ కాబట్టి నల్లరంగుదే తీసుకోవాలి. ఆ నలుపునిచ్చే మసే ప్లాస్టిక్‌ను ఎండ నుంచి కాపాడుతుంది. అయినా నేను గీసిన పెట్టెకు అల్యూమినియమే చెప్పాను. పగిలిన ప్లాస్టిక్‌ను ఫారంలో ఎవరూ బాగుచేయలేరు. రేకు చిరిగితే ఒక ముక్క, నాలుగు రివెట్లు చాలు.

నాకు బాగా నచ్చిన భాగం మూత. ఒకటే పలక అయితే ఎటునుంచో ఒకవైపు నుంచే తెరవాలి. వాలులో బండి ఆపినప్పుడు మనిషి ఎప్పుడూ ఎత్తు పక్కనే నిలబడాలి, బండి జారితే కిందివైపున్నవాడి మీదికే వస్తుంది. అందుకని మధ్యలో ఒక పట్టీ, దానికి మడతబందులతో రెండు రెక్కలు పెట్టాను. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి తెరుచుకుంటాయి. సుత్తీ ప్లయరూ రెండు వైపుల నుంచీ అందేలా నడిమి అరలో పెట్టాలి. రెక్కల అంచులు ఇంటి చూరులా గోడ దాటి కిందికి దిగితే వాన బయటే జారిపోతుంది. లోపలి రబ్బరు బీడింగు వాన కోసం కాదు, దుమ్ము కోసం. కదిలే బండి వెనక గాలి పలచబడి దుమ్మును లోపలికి లాగుతుందని లారీ వెనక తలుపులు బిగించిన ప్రతివాడికీ తెలుసు.

గొళ్ళెం ఇనుముది వద్దు, సాగే రబ్బరు లాచి వేయమన్నాను. కుదుపుకు ఇనుప గొళ్ళెం ఎగిరి ఊడుతుంది, రబ్బరు లాగిపట్టే ఉంటుంది. చలిలో చేతికి తొడుగు వేసుకుని కూడా తీయగలగాలి. లోపల జారుడు పలకలతో మూడు అరలు, అడుగున ట్యూబు రబ్బరు. సగం ఖాళీ పెట్టెలో సుత్తి ఒక మూల నుంచి ఇంకో మూలకు దొర్లితే చప్పుడొక్కటే కాదు, సరిగ్గా వాలు తిరిగే క్షణంలో బరువు అటు మారుతుంది. దూడ మందుకు మూతున్న వేరే డబ్బా, అది అన్నం క్యారియరు ఉన్న అరలో ఉండకూడదు. కంచె కడ్డీలు పెట్టెలో పట్టవు. వాటికి ముందు ర్యాకు పక్కన ఒక పైపు చాలు. మూలలన్నీ గుండ్రంగా తిప్పమన్నాను, పేడ కూరుకోకుండా పైపు నీళ్ళతో కడగడానికి. సైలెన్సరుకు దూరం, టెయిల్ లైటు కనబడాలి, పెట్రోలు మూత అందాలి. ఇవి ఏ మేస్త్రికీ చెప్పనక్కర్లేదు.

రెక్కల లోపలి వైపు పెయింటుతో ఒకే మాట రాయించాను: "సామాను 50 కిలోలు." పెట్టె, బిగింపు, తడిసిన కోటు, ఎప్పుడో ఎక్కే కుక్క, ఇవన్నీ పోను మిగిలే లెక్క అది. మావాడు అక్కడి వెల్డింగు షాపులో చేయించుకుని ఫొటో పంపాడు. బాగా కుదిరింది.

మన ఊళ్ళ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడి పొలాల్లోనో పనిచేస్తున్నారు. మీ ఇంటివాళ్ళలో ఎవరైనా అలాంటి బండి నడుపుతుంటే, ఈసారి ఫోనులో అన్నం తిన్నావా అని అడిగాక ఇంకొక్కటి అడగండి: వెనక ర్యాకు మీద ఎన్ని కిలోలు వేస్తున్నావురా అని.