దోమకొండ గడీ, మా ఇంటి గానుగరాయి

పండిత శిక్షణ పొందుతున్న దినాలలో నాకు దోమకొండ అంటే కామినేని మల్లారెడ్డి. షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరము రచించిన ప్రభుకవి. బిక్కనవోలు, అనగా నేటి భిక్కనూరు, ఆ వంశీయుల పూర్వపు నెలవు; పిదప సంస్థానం దోమకొండకు చేరింది. ఇంత చదివీ ఆ గడీలో అడుగు పెట్టడానికి నాకు చాలా ఏండ్లు మనసొప్పలేదు.

కారణం మా తాత. మా సిరికొండ ప్రాంతంలోనే వేరొక ఊరి దొర తన గడీకి మరమ్మతు చేయించిన ఏడు, తాత తన ఎడ్లతో వెట్టికి పోవలసివచ్చింది. సున్నపు గానుగ చుట్టూ ఎడ్లను తోలడం ఆయన పని. మృగశిర కార్తె వచ్చి ఊరంతా దుక్కులు దున్నుతుంటే ఆ ఎడ్లు మాత్రం అక్కడే తిరిగాయి. ఆ ఏడు మా చేను బీడు పడింది.

1948లో నిజాం పాలన ముగిశాక దొర పట్నం చేరాడు, గడీ పాడుపడింది. దూలాలు, తలుపులు ఎవరికందినవి వారు మోసుకుపోయారు. తాత మాత్రం గానుగరాయి ఒక్కటి బండిమీద వేసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. “నా ఎడ్లు తిప్పిన రాయిరా ఇది” అనేవాడు నాతో.

2022లో దోమకొండ కోటకు యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో ఒకటి లభించిందని పత్రికలో చూచి, అప్పటికి బడి కూడా లేదు గనుక, బయలుదేరాను. పదునెనిమిదవ శతాబ్దపు కోట. సర్కారు కాదు, ఆ వంశీయులే పూనుకొని బాగుచేయించారు. అద్దాలమేడ, మహాదేవాలయం చూచాను గాని నా చూపు గోడల మీదనే. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి గోడను తింటుంది. సున్నానికి సున్నమే మందు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి నూరే డంగుసున్నం మన పెద్దలెరిగినదే.

ఒక గోడను అరచేతితో తడిమాను. సంస్థానాల చరిత్రలలో కవుల పేర్లున్నవి, ప్రభువుల పేర్లున్నవి. సున్నం నూరినవారి పేర్లు లేవు. నేనూ ఉద్యోగమున్నంత కాలం ఆ మొదటి జాబితానే పిల్లలచేత వల్లె వేయించాను, సుమా! అయినా ఆ గోడ కూలిపోయి ఉంటే బాగుండునని నాకనిపించలేదు. తాతకు ఏమనిపించేదో!

కారు నిలుపుకోవడానికి ఆ గానుగరాయి అడ్డంగా ఉన్నదని మా అబ్బాయి రెండేండ్లుగా పోరుతున్నాడు. ఇంకా తీయనివ్వలేదు.