రూపాయికి 8 పైసలు

"మనవాళ్ళకి చదివే అలవాటు లేదండీ."

కిందటి శనివారం ఒక గృహప్రవేశంలో, పులిహోర తింటూ ఒక పెద్దాయన ఈ మాట అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు. నేను ఊపలేదు. ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ శివార్లలో ఉంటున్న మా తెలుగువాళ్ళ మధ్య ఈ మాట వినపడని పండగ లేదు, పుట్టినరోజు లేదు. అమెరికావాళ్ళు విమానంలో చదువుతారు, బీచ్‌లో పడుకుని చదువుతారు, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదువుతారు, మనవాళ్ళు మాత్రం సీరియళ్ళు చూస్తారు. ఈ వరస నాకు కంఠతా వచ్చు. విన్న ప్రతిసారీ నాకు మా అమ్మని తిట్టినట్టే ఉంటుంది.

మా అమ్మ ఎనిమిదో తరగతితో బడి మానేసింది. తెనాలికి దగ్గర్లో, కాలవ గట్టు మీద మా ఊరు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉండేది. ఒకటే పెద్ద గది, ముందు వరండా, వరండాలో పేపర్లు చదివే పొడుగు బల్ల. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట తెరిచేవారు. శుక్రవారం సెలవు. ఆ బల్ల చుట్టూ ఎప్పుడూ మగవాళ్ళు కూర్చుని ఉండేవారు కనక అమ్మ ఏనాడూ ఆ వరండా ఎక్కలేదు. క్యాలెండరు కాయితం వెనక పుస్తకాల పేర్లు రాసి నన్ను పంపేది. యద్దనపూడి, మాదిరెడ్డి, రంగనాయకమ్మ. పేరు గుర్తు లేకపోతే కథ రెండు ముక్కల్లో రాసేది.

లైబ్రేరియన్ గారు ఆ చీటీ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివేవారు. "ఇది అమ్మగారు సంక్రాంతికి ముందే చదివేశారమ్మా, ఇది తీసుకెళ్ళు, ఇంకా బావుంటుంది" అని వేరేది చేతిలో పెట్టేవారు. తిరిగిచ్చేటప్పుడు "ఎలా ఉందన్నారు?" అని తప్పకుండా అడిగేవారు. నేను ఇంటికి పరిగెత్తి, పొయ్యి దగ్గరున్న అమ్మని అడిగి, ఆవిడ చెప్పిందంతా పొల్లుపోకుండా మర్నాడు ఆయనకి అప్పజెప్పేదాన్ని. "ఆ పిల్ల చివర్లో అతన్ని క్షమించకుండా ఉండాల్సింది అంటోంది అమ్మ." ఆయన కాసేపు ఆలోచించి, "అమ్మగారి మాటే నిజం" అనేవారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోగా నేను ఎరగను. ఏళ్ళ తరబడి నవలల గురించి మాట్లాడుకున్నారు. అంత శ్రద్ధగా చదివిన మనిషిని ఆ తర్వాత నేను చూడలేదు.

అమ్మ ఒక్కతే కాదు. మా వీధిలో ఆడవాళ్ళు వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళు వారం వారం చింపి దాచి, అయిపోయాక దారంతో కుట్టి, తెనాలి పంపించి బైండు చేయించుకునేవారు. ఆ బైండు ఇంటింటికీ తిరిగేది. ఒక వారం కాయితం ఎక్కడో పోతే, ఆ పేజీలు ఉన్నవాళ్ళ కోసం మరో వీధికి కబురు పంపేవారు. ఇది అలవాటు కాకపోతే ఏమిటి?

నేను చందమామ ఆ వరండా మెట్ల మీదే చదివాను. చాలా కథల కింద పేరు ఉండేది కాదు. అయినా ఎవరో ఒకే మనిషి, ఎక్కడా తొందరపడకుండా, ఒక్క మాట ఎక్కువ కాకుండా చెబుతున్నట్టు ఉండేది. ఆ మనిషి కొడవటిగంటి కుటుంబరావుగారని, 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికని తీర్చిదిద్దింది ఆయనేనని, పైగా ఆయన పుట్టింది మా తెనాలిలోనేనని చాలా ఏళ్ళకి తెలిసింది. కొంచెం పెద్దయ్యాక లైబ్రేరియన్ గారు సోవియట్ పుస్తకాలు చూపించారు. మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలు. నున్నటి కాయితం, గట్టి అట్ట, నాలుగైదు రూపాయల ధర. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు అంత దూరం వెళ్ళి కూర్చుని చేసిన అనువాదాలు మా ఊరి బీరువాలోకి వచ్చాయి. వాటిలో పెరెల్మాన్ భౌతికశాస్త్రం చదివి, రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారో మా నాన్నకి నేనే చెప్పాను.

పదో తరగతి అయ్యాక విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. మొదటి నెలలోనే ట్రంకుపెట్టె తనిఖీలో ఆ పెరెల్మాన్ పుస్తకం బయటపడింది. నేను చదువుతున్నది ఎంపీసీ. అది భౌతికశాస్త్రం పుస్తకం. అయినా సిలబస్ కాదని పట్టుకుపోయారు, మళ్ళీ ఇవ్వలేదు. పక్క మంచం అమ్మాయి దగ్గర వారపత్రిక దొరికితే వాళ్ళ నాన్నగారిని పిలిపించారు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి, రాత్రి పదిన్నరకి పడుకోబెట్టి, రెండేళ్ళపాటు కథ అన్నది కంటబడకుండా చేశారు. నా తర్వాత అలాంటి కాలేజీల నుంచి లక్షల మంది పిల్లలు వచ్చారు. గృహప్రవేశాల్లో తలలూపేవాళ్ళలో చాలామంది అక్కణ్ణించి వచ్చినవాళ్ళే. వాళ్ళకి అలవాటు లేదని తేల్చేముందు, పదిహేనో ఏట వాళ్ళ చేతుల్లోంచి ఏం లాక్కున్నారో ఎవరైనా ఒక్కసారి చెప్పాలి కదా.

అమెరికా వచ్చాక మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. అది ఈ ఊరి గ్రంథాలయం చలవ. కొలంబస్ లైబ్రరీని నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఈ ఊళ్ళో ఉంటున్నానని చూపిస్తే చాలు, పైసా తీసుకోకుండా కార్డు ఇచ్చారు. 2017 నుంచి ఆలస్య రుసుము కూడా ఎత్తేశారు. ఆలస్య రుసుముకి భయపడి పేదవాళ్ళే ముందు రావడం మానేస్తారని వాళ్ళు గ్రహించారు. ఇంకా నడక రాని పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి కథలు చదువుతారు. ఇళ్ళ మీద పన్నులోంచి గ్రంథాలయానికి ఇంత ఇవ్వాలా వద్దా అని జనం ఓటేసి చెబుతారు.

ఇదే కొలంబస్ పక్కన డబ్లిన్ అనే ఊళ్ళో, సగం మంది మన తెలుగువాళ్ళే కనపడే చోట, ఓసీఎల్సీ అని ఒక సంస్థ ఉంది. 1967లో ఒహాయో కాలేజీల గ్రంథాలయాలు కలిసి పెట్టుకున్నది. ప్రపంచంలో ఏ పుస్తకం ఏ గ్రంథాలయంలో ఉందో చెప్పే వరల్డ్‌క్యాట్ జాబితా వాళ్ళదే. అందులో ఒకరోజు కుటుంబరావుగారి 'చదువు' నవల కోసం వెతికాను. ఉంది. అడిగితే ఒక విశ్వవిద్యాలయం నుంచి మా బ్రాంచికి తెప్పించి, నా పేరు రాసిన చీటీ చుట్టి అరలో పెట్టారు. అట్ట లోపల పి.ఎల్.480 ముద్ర.

ఆ అంకె మన పెద్దవాళ్ళకి తెలుసు. 1954 నాటి పబ్లిక్ లా 480 అనే చట్టం కింద అమెరికా మనకి గోధుమలు అమ్మి, ఖరీదు రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొన్ని ఖర్చుపెట్టి, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం మన భాషల్లో పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకి పంపింది. రేషన్ షాపు ముందు మనవాళ్ళు వరసలో నిలబడి కొన్న గోధుమల డబ్బుతో తెనాలి మనిషి రాసిన నవల సముద్రాలు దాటి వచ్చి, నా కోసం భద్రంగా ఉంది. దాన్ని దాచినవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెడతాను. అదే నవల మా ఊరి గ్రంథాలయంలో దొరకదని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అయినా సరే, అలవాటు లేదంటే మాత్రం ఒప్పుకోను. కార్నెగీ అనే కోటీశ్వరుడు ఇచ్చిన డబ్బుతో అమెరికాలో 1,600కు పైగా గ్రంథాలయాలు లేచాయి. మనకి అలాంటి కోటీశ్వరుడు లేడు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర నిలయం 1904లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో జనం పూనుకుని పెట్టుకున్నారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపించారు. సభ పెట్టుకోవాలంటే అనుమతి అడగాల్సిన నిజాం రాజ్యంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మారు. ఆ మరుసటి ఏడే, 1939లో, అమెరికాలోని అలెగ్జాండ్రియా పట్నంలో నల్లవాళ్ళు అయిదుగురు గ్రంథాలయంలో కూర్చుని చదువుతున్నందుకు పోలీసులు పట్టుకెళ్ళారు. మా ఊరి వరండాలో కూడా అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని నేను చెప్పను, మా అమ్మే కూర్చోలేదు. కానీ చదువు మీద ఆశ ఒక జాతి సొత్తు అన్నట్టు మాట్లాడితే సహించను.

ఇక్కడ పుస్తకాల బస్సు ఉంది, ఊరూరా తిరుగుతుంది. మా వైపు పుస్తకాల పడవ తిరిగింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం, కొల్లూరు మధ్య కాలవ మీద దాన్ని నడిపించారు. రెంటినీ పోల్చి చెబుదామని మొదలుపెడతాను గానీ, బస్సు కళ్ళముందు నిలవదు, పడవే నిలుస్తుంది. మా తాతయ్య దాన్ని చూశారు. పాలేళ్ళు, ఎరువుల బస్తాలు మోసేవాళ్ళు, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద నిలబడేవారట. చదవడం రానివాళ్ళ కోసం ఎవరో ఒకరు పైకి చదివేవారట. తాతయ్య ఆ సంగతి చెప్పేటప్పుడు తన చిన్నప్పుడు విన్న కథ చెప్పేవారు కాదు, చదివిన మనిషి గొంతు ఎంత దూరం వినపడేదో చెప్పేవారు.

కిందటిసారి వెళ్ళినప్పుడు మా గ్రంథాలయానికి తాళం వేసి ఉంది. లైబ్రేరియన్ గారు రిటైరై చాలా ఏళ్ళయింది, ఆ ఉద్యోగంలో మళ్ళీ ఎవరినీ వెయ్యలేదు. వేరే ఊరాయన ఇన్‌ఛార్జి, వారంలో వీలున్నప్పుడు వచ్చి తీస్తారు. చదివేవాళ్ళు లేకే ఇలా అయిందంటారా? హైదరాబాదు చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి పొద్దున్నే వెళ్ళి చూడండి. గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలతో కుర్చీ దొరకదు. పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుంటారు, అన్నం డబ్బా వాళ్ళే తెచ్చుకుంటారు, గవర్నమెంటు ఇవ్వాల్సిందల్లా ఒక చోటు. తెరిచి ఉన్న చోటికి మనవాళ్ళు వస్తారు.

డబ్బు లేదన్న మాట కూడా నిజం కాదు. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 1960 చట్టం ప్రకారం పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ కట్టాలి. మనం కడుతూనే ఉన్నాం. కట్టింది చేరాల్సిన చోటికి చేరడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని జిల్లా పేపర్లలో వస్తూనే ఉంటుంది. ఇక్కడి నుంచి మనం ఊరికి ఆర్చీలు కట్టిస్తాం, గుళ్ళకి గోపురాలు కట్టిస్తాం. నేను వాటిని కాదనను. కానీ ఊరివాళ్ళు ఇప్పటికే కట్టేసిన డబ్బు సంగతి మన సంఘాల్లో ఒక్కరైనా అడగగా నేను వినలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఊళ్ళో మీ ఇంటి పన్ను రసీదు తెప్పించుకోండి. అందులో గ్రంథాలయ పన్ను ఎంత వేశారో చూడండి. గత అయిదేళ్ళలో మీ పంచాయతీ ఆ పన్ను ఎంత వసూలు చేసింది, ఎంత జమ కట్టింది, మీ శాఖా గ్రంథాలయం వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారు అని, ఊళ్ళో ఉన్న మీవాళ్ళ చేత సమాచార హక్కు చట్టం కింద కాయితం పెట్టించండి. మా ఊరి కాయితం మా తమ్ముడి చేత పెట్టించాను. మీకొచ్చిన జవాబు నాకు రాయండి.