పాలగాజు దీపము

నలుబదియేండ్లు దాటిన మనుష్యునకు ఏదో యొక వ్యసనము పట్టక తప్పదనియు, అది పేకాట కాకున్న ఇంటివారు సంతోషింపవలసినదే యనియు, నాతో పనిచేసిన యొక వృద్ధపండితుడు చెప్పుచుండెడివాడు. నాకు పట్టినది పాత గాజుదీపముల వ్యసనము. వ్యసనమననేల, అభిరుచి యనరాదా యని చదువరులడుగవచ్చును. అభిరుచికై ఎవరును ఇంటిలో అబద్ధములాడరు. నేనాడితిని.

2018వ సంవత్సరపు వేసవి సెలవులలో డెన్మార్కు దేశమున కాపురమున్న మా యక్కను చూడబోయితిని. బావగారికి కోపెన్‌హాగెన్ నగరమున ఉద్యోగము. టిక్కెట్టుకూడ వారే పంపిరి. అవి మే మాసపు తుదిదినములు. రాత్రి తొమ్మిదిన్నర దాటినగాని అచ్చట సూర్యుడస్తమింపడు. డిసెంబరు మాసముననో, మధ్యాహ్నము నాలుగు గంటలకు మునుపే అస్తమించును. చీకటితో అన్ని మాసములు కాపురము చేయువారు దీపమును గూర్చి ఆలోచించినట్లు, ఏడాది పొడవున ఎండలో మాడు మనము ఆలోచింపము. అక్కడి యిండ్లలో గది నడినెత్తిన పెద్దదీపముండుట అరుదు. భోజనపు బల్లమీదికి, కూర్చున్నవారి తలకంటె కొంచెము పైగా, దీపమును దింపి వ్రేలాడదీయుదురు. మూలలయందు మఱి రెండు మూడు చిన్నదీపములుండును. మిగిలినచోట నీడను నీడగానే యుండనిత్తురు. మా యక్కమాత్రము వంటయింటిలో తెల్లని ట్యూబులైటు బిగించుకొని, "ఇది లేకపోతే చింతపండులో గింజ కనపడదురా" అనినది. ఆమె మాటయు నిజమే.

ఒక శనివారమునాడు వారు నన్ను పాతసామానుల సంతకు తీసికొనిపోయిరి. నేలపై పఱచిన దుప్పటిమీద, గిన్నెలకును బొమ్మలకును నడుమ, బోర్లించిన కుండవలె తెల్లని గాజుడోము ఒకటి కనబడెను. దానిని చేతిలోనికి తీసికొంటిని. లోపల దీపము లేకున్నను, ఆకాశపు వెలుతురే అందులో నిండి నిలిచినట్లుండెను. 150 క్రోనరులిచ్చి కొంటిని. మన లెక్కలో పదునాఱు వందల రూపాయలు. ఆ సాయంకాలము బావగారి పొరుగున నుండు నొక ముదుసలి దానిని చూచి, నాకు మొదటి పాఠము చెప్పెను. మంచి పాలగాజును అంచుదగ్గఱ పరికింపవలెనట. అరటిబోదె పొరలవలె, తెల్లని పొర నడుమను, దాని కిరువైపుల పారదర్శకమైన పొరలును కనబడవలెను. గాజునకు లోపల రంగుపూసి మోసగించినది గోటితో గీచినచో తేలిపోవును. డోము ప్రక్కన నిలువుగీత యున్నచో అది అచ్చులో పోసినది, లేకున్న ఊదినది. లోపల బల్బు వెలిగించినపుడు ఎఱ్ఱని ముద్దవలె బల్బు కనబడినచో పాలపొర పలుచనిది. డోమంతయు తానే వెలుగుచున్నట్లు కనబడవలెను. ఇరువదియేండ్లుగా విద్యార్థులకు పద్యముల గుణదోషములు చెప్పుచున్న నాకు, ఈ గాజుశాస్త్రము మిక్కిలి రుచించెను. దీనిలో గుణదోషములు చేతికి తగులును.

ఆ డోము హోల్మెగార్డు కార్ఖానాలో పుట్టినది. 1823లో డానెస్కియోల్డ్ సామ్సో వంశపు జమీందారొకడు తన భూమిలోని బురదనేలను చూచి, అందలి పీటుమట్టిని కాల్చి గాజు కరగింపవచ్చునని తలచి రాజునకు అర్జీ పెట్టుకొనెను. అనుమతి వచ్చులోపల ఆయన మరణించెను. భార్య హెన్రియెట్ ఆ పని విడువలేదు. 1825లో కొలిమి వెలిగించెను. మొదట చేసినవి పచ్చని సీసాలు. నూఱేండ్లకు పైబడిన తరువాత ఆ కార్ఖానా దీపములకు పేరుపొందెను. 2008లో దివాలా తీసెను. 2020లో ఆ తావున ప్రదర్శనశాల తెఱచిరి. ఒక విధవరాలు బురదలోనుండి నిప్పు తీసిన కథ మన పాఠ్యపుస్తకములలో నుండదగినదని నాకు తోచినది. మన పాఠ్యపుస్తకములు కూర్చువారు నన్నడుగరు.

గాజు స్వతస్సిద్ధముగా తెల్లనిది కాదు. కరగిన గాజులో ఎముకల బూడిదనో, ఫ్లోరైడుగల ఖనిజమునో కలిపినచో, అది చల్లారునపుడు లోపల కంటికానని కణములు విడివడును. వెలుగు వానిని తాకి నలుదిక్కులకు చెదరును. పాలు తెల్లగా కనబడుటకు హేతువు ఇట్టిదే. ఆ ఖనిజములలో నొకటియగు క్రయొలైటు గ్రీన్‌లాండులోని ఇవిట్టూట్ గనిలో 1987 వఱకు త్రవ్వబడెను. ఆ పేరునకు గ్రీకుభాషలో మంచురాయి యని యర్థము. ఈ చెదరుట యను మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. నాకు తరువాత దానితో పనిపడినది.

గాజుదీపములనగా మనవారికి చౌమహల్లా దర్బారులోని పందొమ్మిది బెల్జియము స్ఫటికదీపవృక్షములు తలపునకు వచ్చును. లేదా ఇటలీలోని మురానో దీవి. 1291లో వెనిసు ప్రభుత్వము గాజుకొలుముల నా దీవికి తరలించినది. ఇరువదవ శతాబ్దమున వెనీని సంస్థవారు అచ్చట నూతనరీతుల దీపములు చేసిరి. వానిని నేను ప్రదర్శనశాలలో చూచితిని. అవి అందమైనవే, కాని వెలుగుకంటె ముందు తమ్మునే చూడుమనును. నా మనస్సు దోచినది పౌల్ హెన్నింగ్‌సెన్ అను డేనిషు వాస్తుశిల్పి చేసిన దీపము.

ఆయన 1894లో జన్మించి 1967లో గతించెను. బాల్యమంతయు కిరసనాయిలు దీపముల వెలుతురున గడచినది. తరువాత విద్యుద్దీపము వచ్చినది. గాజుబుడ్డిలోని తీగె నగ్నముగా మండుచు కన్నులలో గ్రుచ్చుకొనుచుండగా, జనులు దానిని నాగరకతయని మెచ్చుకొనిరి. సాయంకాలము ట్రాముబండి పై అంతస్తునుండి ఇండ్లలోనికి తొంగిచూచినచో జనుల గదులు ఎంత దిగులుగా నున్నవో తెలియునని ఆయన వ్రాసెను. ఆయన వట్టి శిల్పి కాడు. 1926 మొదలు 1928 వఱకు ఒక విమర్శపత్రికను నడిపి, ఇండ్లను, కుర్చీలను, వీథులను, నీతులను అన్నింటిని ఏకిపెట్టినవాడు. దీపమును బాగుచేయుటయు ఆయనకు సంఘసంస్కారములో నొక భాగమే.

ఆయన పన్నిన యుపాయమిది. మూడు గొడుగులు, ఒకదానిక్రింద నొకటి. మొదటి కొలతలో పైదానిలో సగము నడిమిది, అందులో సగము క్రిందిది. బల్బు వానినడుమ దాగియుండును. బల్లచుట్టు కూర్చున్నవారిలో ఎవరికిని తీగె కనబడదు. గొడుగుల వంపు గవ్వ చుట్టువంటి యొక గణితరేఖ ననుసరించినది. కేంద్రమునుండి బయలుదేరిన కిరణము ఆ వంపులో ఎచ్చట తాకినను ఇంచుమించు ఒకే కోణమున తాకును. పాలగాజుతో చేసినవానిలో గొడుగు పైముఖము నునుపు, క్రిందిముఖము గరుకు. గరుకువైపున తాకిన వెలుగు మెత్తబడి దిగును. 1925లో పారిసు ప్రదర్శనమున ఆయన దీపమునకు బంగారుపతకము లభించెను. 1941లో, జర్మనులు డెన్మార్కు నాక్రమించియున్న దినములలో, కోపెన్‌హాగెన్‌లోని టివోలి యుద్యానమునకు ఆకాశమునుండి కనబడని దీపములు చేసి, అర్ధరాత్రి వఱకు జనులక్కడ తిరుగుట కవకాశము కల్పించినవాడును ఆయనయే.

అట్టి దీపమొకటి, పాలగాజుది, తిరుగుప్రయాణమునకు నాలుగు దినములముందు ఒక పాతసామానుల అంగడిలో కంటబడెను. పైగొడుగు అంచున బొటనవ్రేలి గోరంత పెచ్చు లేచిపోయినది. అందుచేతనే వెల 1,800 క్రోనరులు. లేనిచో నా అందుబాటులోనిది కాదు. మన రూపాయలలో 19,000. నేను రెండుమాఱులు అంగడినుండి వెలుపలికి వచ్చి, రెండుమాఱులును లోపలికి పోయితిని. సొమ్ము బావగారు సర్దిరి. ఇంటి పైకప్పు వానకు కారుచుండుటచే బాగుచేయింపవలెనని దాచిన సొమ్ములోనుండి వారికి తీర్చితిని. తెనాలిలో నా భార్య, "ఎంతండీ ఇది?" అని యడిగినప్పుడు, బావగారు కానుకగా నిచ్చిరంటిని. "పాపం, ఆయన చెయ్యి పెద్దది" అని ఆమె సంతోషించినది. ఆ సంవత్సరము వానకాలమున వంటయింటిలో రెండుచోట్ల గిన్నెలు పెట్టవలసివచ్చెను.

దీపమును నడవలో వ్రేలాడదీసితిని. పెచ్చులేచిన వైపును పెరటిగుమ్మమునకు త్రిప్పితిని. ఆ వైపున అమ్మతప్ప ఎవరును కూర్చుండరు.

మొదట వెలిగించినప్పుడు దీపము దీపమువలె లేదు. మన బల్బునకు ప్రక్కన రెండు పిన్నులుండును; ఆ దేశపు బల్బునకు మర. నేను మధ్య నొక అడాప్టరు పెట్టితిని. దానితో బల్బు రెండంగుళములు క్రిందికి జాఱి, గొడుగుల నడుమనుండి తొంగిచూడసాగెను. పైగా, మన యెల్.ఇ.డి. బల్బునకు మొదటిసగము వెలుగు చొరని ప్లాస్టిక్కు. తలక్రిందుగా వ్రేలాడదీసినచో వెలుగంతయు నేలకే పోవును, పైగొడుగు చీకటిలోనుండును. ఆ శిల్పి బల్బు ఏ బిందువుననుండవలెనో నిశ్చయించి వంపులు గీసెను. నేను ఆ బిందువునే తప్పించితిని. హోల్డరు మార్పించి, అన్నివైపుల వెలుగు నిచ్చు గాజుబుడ్డి యెల్.ఇ.డి. తెప్పించుటకు నెలపట్టినది. ఆ రాత్రి మూడు గొడుగులును ఒక్కమాఱుగా నిండుకొనినవి. నా కొమార్తె దానిక్రింద కూర్చుండి లెక్కలు చేసికొనుచు, "నాన్నా, పుస్తకంమీద నా చేతినీడ పడటం లేదు" అనినది.

అటుపిమ్మట నేను హద్దులేనివాడనైతిని. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారున నొకటి, గుంటూరులో పడగొట్టుచున్న మేడలోనుండి రెండు. సెలవుదినములందు డోములను బకెట్టులో గోరువెచ్చని నీటితో కడిగి, వెలుతురునకెత్తి, పాలపొర సమముగా నున్నదా, ఎచ్చటనైన బుడగ యున్నదాయని చూచుచుండెడివాడను.

మా యమ్మ అప్పటికి డెబ్బదినాలుగేండ్లది. దీపములు పెట్టువేళకు ఆమె లేచి పెరటిగడపమీద, చీకటివైపు మొగముపెట్టి కూర్చుండెడిది. మునుపు సాయంకాలములందు భాగవతము చదువుకొనెడిది. అది మానివేసినది. వయస్సు వచ్చినవారు ఏకాంతము కోరుదురని నేను నిశ్చయించుకొంటిని. విద్యార్థులకు దేహలీదీపన్యాయము చెప్పునప్పుడు, గడపమీదనుంచిన దీపము లోపలను వెలుపలను వెలుగునిచ్చునని విస్తరించి చెప్పి, ఇంటికి వచ్చి, గడపమీద కూర్చున్న తల్లిని దాటుకొని డోములు కడుగబోయెడివాడను.

2019 జనవరిలో ఒకనాడు, "లోపలికి రావే అమ్మా, దోమలు కుడుతున్నాయి" అంటిని. "దోమలే నయంరా. ఆ వంటింటి దీపం కళ్ళలో సూదుల్లా పొడుస్తోంది. నీ కొత్తదీపం అంత బాధపెట్టదుగాని, దాని చుట్టూ వరిగడ్డివామంత వెలుగు కమ్ముకుంటుంది" అనినది. "ఎన్నాళ్ళనుంచి?" అంటిని. "నువ్వు విమానమెక్కకముందునుంచి" అనినది.

గుంటూరులో వైద్యుడు చూచి, రెండు కన్నులందును శుక్లములు ముదిరినవని చెప్పెను. కంటిలోని కటకము మసకబాఱినచో, లోపల ప్రవేశించు వెలుగు నేరుగా పోక చెదరుననియు, అందుచేత దీపముచుట్టు వలయములు కనబడుననియు, నగ్నమైన దీపమును రోగి ఓర్వలేడనియు ఆయన వివరించుచుండెను. చెదరును అన్న మాట వినగానే నాకు చెవులు వేడెక్కెను. ఆ శాస్త్రము నాకు తెలిసినదే. దీపముచుట్టు ఉండవలసిన పాలగాజు అమ్మ కంటిలో నుండెను. ఎనిమిది మాసములు నేను పాలపొరలను వెలుతురునకెత్తి పరీక్షించితిని. ఆమె కన్నులలోనికి ఒక్కమాఱైనను చూడలేదు. "ఇన్నాళ్ళు ఎవరూ గమనించలేదా?" అని వైద్యుడడిగెను. అమ్మ నాకంటె ముందుగా, "నేనే చెప్పలేదండీ" అనినది.

ఫిబ్రవరిలో కుడికన్నునకు శస్త్రచికిత్స జరిగెను. మఱునాడు కట్టు విప్పి ఇంటికి పంపిరి. సాయంకాలము వంటయింటి దీపమార్పి, నడవలోని దీపమును మాత్రము వెలిగించితిని. అమ్మ నల్లకండ్లజోడు తీసి, అలవాటుచొప్పున పెరటిగడపమీదనే కూర్చుండెను గాని, ఈ మాఱు మొగము లోపలివైపు. చాలసేపు దీపమువంక చూచినది. నేను మూడు గొడుగుల మర్మము చెప్పుటకు సిద్ధపడుచుంటిని.

"ఒరేయ్, పైదాని అంచు పగిలిందిరా. ఇటువైపు" అనినది.

నేను మాటాడలేదు.

"ఎంత పెట్టి కొన్నావు?"

కానుక యను మాట నోటివఱకు వచ్చినది. నా భార్య గరిటెతో వంటయింటి గుమ్మములో నిలిచియుండెను.

"పందొమ్మిది వేలు" అంటిని.

"విరిగినదానికా?" అనినది మా యమ్మ.