చూచే తుపాకి

ఆటశాలలలో తెర ఎదుట తీగకు కట్టి ఉంచే తుపాకి దేనినీ పేల్చదు. దానిలోనుండి గుండు రాదు, కాంతి కూడా రాదు. నిజానికి అది తుపాకి కాదు, కన్ను. గొట్టం లోపల ఒక కటకం, దాని వెనుక వెలుగును పసిగట్టే చిన్న పరికరం ఉంటాయి. ట్రిగ్గరు నొక్కగానే తెర రెప్పపాటు తెల్లగా మెరుస్తుంది. పాత డబ్బా టీవీలో బొమ్మ అంతా ఒక్కసారిగా పుట్టదు. ఎలక్ట్రాన్ల పుంజం ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి, మనం పలకమీద వ్రాసినట్లే వరుస వెంబడి వరుస గీసుకొంటూ పోతుంది, అదీ సెకనుకు సుమారు 60 మార్లు. తుపాకి చూస్తున్న చోటికి ఆ పుంజం చేరిన క్షణాన లోపలి కన్ను యంత్రానికి కబురంపుతుంది. గీత మొదలై ఎంతసేపయినదో లెక్కకట్టి, గురి ఏ వరుసలో ఏ చోట ఉన్నదో యంత్రం తేల్చుకొంటుంది. కాలాన్ని కొలిచి స్థలాన్ని చెప్పడమన్నమాట! ముప్పది ఏళ్ళు ఛందస్సు చెప్పినవాడిని కనుక, మాత్రలు లెక్కపెట్టి యతిస్థానం పట్టుకొన్నట్లున్నదే అని ముచ్చటపడ్డాను. ఇప్పటి పలుచని తెరలమీద ఈ కిటుకు పనిచేయదు. కొత్త యంత్రాలు వేరే ఉపాయాలు వెదుక్కొన్నాయి.

1936లో అమెరికాలో సీబర్గ్ సంస్థ తెచ్చిన రే-ఓ-లైట్ అనే బాతులవేట యంత్రంలో సంగతి తలక్రిందులు. అక్కడ తుపాకి వెలుగును చిమ్మేది, కన్ను బాతుకు ఉండేది. తరువాతి కాలంలో చూపు వేటగాని చేతికి వచ్చింది. నింటెండో వారి డక్ హంట్ (1984) ఆ కోవలోనిదే. తొంభైలలో మన ఊళ్ళలో అమ్మిన చౌకరకం టీవీ ఆటల పెట్టెలతోపాటు ఒక ప్లాస్టిక్ తుపాకి ఇచ్చేవారు, చదువరులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా అబ్బాయి వేసవి సెలవులన్నీ దానితో బాతులను కూల్చుతూ గడిపాడు. తీర్థాలలో బుడగలు కాల్చిన తరం నాది. గురి చూడడమంటే ఒక కన్ను మూయడమని తప్ప నాకేమీ తెలియదు.

ఆ అబ్బాయి ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాడు. 2023 వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు, పాత ఆటపెట్టెలను ఒకచోట చేర్చి గంటకు ఇంతని రుసుము తీసుకొనే శాలకు మనవడు నన్ను లాక్కొనిపోయాడు. వాడికి పదకొండేళ్ళు. నా చేతికొక తుపాకి ఇచ్చి, తానొకటి తీసుకొని నిలబెట్టిన పెట్టె పేరు ఏరియా 51. అటారీ గేమ్స్ వారు 1995లో విడుదల చేసినది.

కథ చిన్నది. నెవాడా ఎడారిలోని సైనికస్థావరాన్ని క్రాన్ అనే గ్రహాంతరజాతి ఆక్రమించింది. అక్కడి మనుషులను నడిచే పీనుగులుగా మార్చింది. స్టార్ అనే దళంతో కలిసి మనం లోపలికి చొరబడాలి, స్థావరాన్ని తనంత తాను పేలిపోయేటట్లు చేసి బయటపడాలి. ఆ రోజులలో అంత చిత్రాన్ని చిప్పులలో ఇమిడ్చడం కష్టమై హార్డ్ డిస్కులో పెట్టారు. డిస్కులు అరిగిపోయి ఎన్నో పెట్టెలు మూగపోయాయట. పీపాలు పేలుతాయి, కిటికీల వెనుకనుండి వికృతాకారాలు దూకుతాయి. గుళ్ళు అయిపోతే తుపాకిని తెరబయటికి త్రిప్పి ట్రిగ్గరు నొక్కాలి. కంటికి వెలుగు కనిపించలేదు కనుక, ఇతడు గుళ్ళు నింపుకొంటున్నాడని యంత్రం గ్రహిస్తుంది. ఏమీ చూడకపోవడం కూడా ఒక సంకేతమే!

అయితే ఆటలోని అసలు కష్టం ఇది కాదు. గుంపులో అప్పుడప్పుడు మన దళంవాడు ఒకడు అడ్డుగా వస్తాడు. వాడిని కాల్చితే మనకే ఒక ప్రాణం పోతుంది. వచ్చినవాడు మనవాడా, పరాయివాడా అన్నది అరసెకనులో తేల్చుకోవాలి. తుపాకిలోని కన్ను ఈ విషయంలో సాయపడదు. దానికి తెలిసినది వెలుగు ఉన్నదా లేదా అన్నంతవరకే.

దశరథుడు గుర్తుకు రాక తప్పలేదు. సరయూతీరాన చీకటిలో కుండ మునిగే చప్పుడు విని ఏనుగనుకొన్నాడు. గురి తప్పలేదు. శబ్దవేధి విద్యలో లోపమేమీ లేదు. బాణం తగిలినది అంధులైన తల్లిదండ్రుల కోసం నీళ్ళు ముంచుకొంటున్న మునికుమారుడికి. పాఠం చెప్పే రోజులలో పిల్లలు శాపం దగ్గర కళ్ళు పెద్దవి చేసికొని వినేవారు. నాకు మాత్రం ఆ "అనుకొన్నాడు" దగ్గరే గొంతు పట్టేసేది.

ఆటకు పేరిచ్చిన చోటు కథ ఇంకా విచిత్రం. 1955లో గ్రూమ్ లేక్ అనే ఎండిన సరస్సును అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. తన యు-2 విమానాన్ని పరీక్షించేందుకు ఎంచుకొన్నది. అప్పటి ప్రయాణీకుల విమానాలు సాధారణంగా 10,000 నుండి 20,000 అడుగుల ఎత్తున తిరిగేవి. ఇది 60,000 అడుగులు దాటి పోయేది. క్రింద చీకటి పడిన తరువాత కూడా అంత ఎత్తున ఎండ ఉంటుంది. వెండిరెక్కలమీద ఆ ఎండ మెరిస్తే క్రిందివారికి నిప్పుముద్దలు ఎగురుతున్నట్లుండేది. ఎగిరే పళ్ళేలను చూచామని జనం ఫిర్యాదులు చేశారు. రహస్యం కనుక, అవి మావే అని ప్రభుత్వం చెప్పలేకపోయింది. 2013లో బయటికి వచ్చిన తన చరిత్రపత్రాలలో సి.ఐ.ఏ. ఈ సంగతంతా వ్రాసుకొన్నది. యాభైల చివరినుండి అరవైలలో చాలాకాలం వరకు వచ్చిన అటువంటి వార్తలలో సగానికి మించి తమ విమానాలవేనని దాని లెక్క. ఆ సగంవరకు జనం భయపడినది సొంత దేశపు విమానాలను చూచే!

ఇక ఆ మాట. ఏలియన్. లాటిన్ మూలంలో "ఇతరునికి చెందిన" అని అర్థం. మనం గ్రహాంతరవాసి అని అనువదించి ఆకాశానికి పంపివేశాం కాని, అమెరికా చట్టంలో అది నేలమీదనే తిరుగుతున్నది. 1952 నాటి వలసచట్టం నిర్వచనం ప్రకారం ఆ దేశపు పౌరుడు, జాతీయుడు కాని ప్రతి మనిషీ ఏలియనే. పన్నులవారి భాషలో మా అబ్బాయి రెసిడెంట్ ఏలియన్. నేను నాన్ రెసిడెంటును. అక్కడ పుట్టిన మనవడొక్కడే పౌరుడు. ఒకే కంచంలో ఆవకాయ కలుపుకొని తినే ముగ్గురికి మూడు పేర్లు. మన పల్లెలలోనూ పరదేశి అంటే పొరుగుదేశంవాడే కాదు, దిక్కులేనివాడు కూడా. ఏ భాషకా భాష పరాయివాడిమీద ఇంత జాలో, ఇంత భయమో అద్దకుండా ఉండదు.

మా అబ్బాయి 2015లో వేసిన గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా వరుసలోనే ఉన్నది. ఉద్యోగం పోతే 60 రోజులలో మరొక కొలువో, మరొక దారో దొరకాలి, లేకుంటే పెట్టె సర్దుకోవాలి. 2023లో ఎందరికో కొలువులు పోయాయి. ఏ రాత్రి ఫోను మ్రోగినా కోడలు ముందు అతని ముఖం చూచేది.

"ఏలియన్స్ అందరినీ పంపించెయ్యాలి తాతయ్యా!" అని మనవడు ఉత్సాహంగా కాల్చుతుంటే, వెనుక నిలుచున్న మా అబ్బాయి, "కాగితాలలో నేనూ ఏలియన్‌నేరా" అని నవ్వాడు. వాడు తుపాకి దించి వెనక్కి తిరిగాడు.

"మరి నిన్నూ పంపించేస్తారా నాన్నా?"

తెరమీద మా ఇద్దరి ప్రాణాలూ పోయాయి. అబ్బాయి జవాబు చెప్పలేదు. ముందుకు వంగి, ఆట మళ్ళీ మొదలయ్యే బొత్తాం నొక్కాడు.

కొంతసేపు పోయాక మనవడే ఒక రహస్యం చెప్పాడు. ఆరంభంలో ఎదురయ్యే మన దళంవారిలో మొదటి ముగ్గురిని, నడుమ మరి దేనినీ కాల్చకుండా, కాల్చినట్లయితే ఆట స్వరూపం మారిపోతుంది. ఆడేవాడే క్రాన్ అవుతాడు. మనవారిని చంపినవాడికి వేరే శిక్ష లేదు, పరాయివాడైపోవడమే. దీనిని కల్పించినవారెవరో కాని, ధర్మశాస్త్రం చదివినవారివలె ఉన్నారు!

"ట్రై చేద్దామా తాతయ్యా?"

సరేనన్నాను. మొదటివాడు వచ్చాడు, మనవడు కాల్చాడు. రెండవవాడినీ కాల్చాడు.

"మూడోవాడు నీకే. షూట్ తాతయ్యా, షూట్!"

నేను తుపాకిని తెరబయటికి త్రిప్పి ట్రిగ్గరు నొక్కాను. గుళ్ళు నిండాయి. దళంవాడు తన దారిన తాను పోయాడు. మనవడు "అయ్యో" అని తలపట్టుకొన్నాడు. వెనుకనుండి మా అబ్బాయి నవ్వడం వినిపించింది.